కాఫీ మీదెలా అవుద్ది? అని అడిగిన ఫ్రెండ్‌కి నా జవాబు



కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. నేను చింతపల్లి వైపు పిల్లని. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇప్పుడు హైదరాబాద్ పాతబస్తీలో, జహనుమాలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను.

మొన్న కాలేజీలో ఫుడ్ స్టాల్ పెట్టారు. ఎవరి ఊరి వంట వాళ్ళు చేసుకురావాలి. నా రూమ్మేట్ అక్క ఉట్నూరు వైపు గోండు అమ్మాయి. ఆమె ఇప్పపువ్వు లడ్డు అని పేరు రాసేసింది. నాకు ఏం రాయాలో తోచలేదు. చోడి అంబలి అని రాస్తే నవ్వుతారేమో అని సిగ్గుపడ్డాను. అలా సిగ్గుపడినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది, అది వేరే సంగతి. చివరికి మా ఇంటి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి గుర్తొచ్చింది. ఓవెన్ లేకుండా, పొయ్యి మీద వండకుండా చేసే కాఫీ ట్రఫుల్స్ చేద్దామనుకున్నాను.

ట్రఫుల్ అంటే పెద్ద పేరని భయపడకండి. యూరప్‌లో చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు పేరది. బస్తర్‌లో తొలకరి వానలకి సాల చెట్ల కింద మట్టి తవ్వి తీసే బోడ ఉంది కదా, అలాంటిదే. చాక్లెట్ ఉండని కోకో పొడిలో దొర్లిస్తే మట్టి అంటిన పుట్టగొడుగులా కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఉండ. అంతే.

మొదటిసారి పాడు చేశాను. కాఫీ పొడిని నేరుగా బిస్కెట్ పొడిలో కలిపేశాను. నోట్లో పెట్టుకుంటే ఇసకే. అప్పుడు అర్థమైంది, పొట్లంలో దొరికే ఇన్‌స్టంట్ కాఫీ కరుగుద్ది, గింజ వేయించి ఆడించిన పొడి కరగదు. దాని సారం మాత్రమే తీసుకోవాలి. రెండోసారి ఇలా చేశాను:

మూడు చెంచాల కాఫీ పొడిలో అర టీగ్లాసు మరిగిన నీళ్ళు పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, గుడ్డలో వడకట్టాను. 200 గ్రాముల మేరీ బిస్కెట్లు మెత్తగా పొడి చేసి, మూడు పెద్ద చెంచాల కోకో కలిపాను. అందులో 150 గ్రాముల దాకా మిల్క్‌మెయిడ్, చెంచా నెయ్యి, చల్లారిన డికాషన్ కొంచెం కొంచెంగా పోసి ముద్ద చేశాను. డికాషన్ అంతా ఒకేసారి పోస్తే జారుద్ది, జాగ్రత్త. ఉండలు చుట్టి, కోకోలో దొర్లించి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. సుమారు 25 వచ్చాయి.

స్టాల్లో అన్నీ అయిపోయాయి. కానీ తిన్న ఒక ఫ్రెండ్ అడిగింది: "కాఫీ బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన పంట కదా, మీ వంట ఎలా అవుద్ది?" కావాలని ఎగతాళిగా అనలేదు. కానీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివాను, సెలవుల్లో ఇంటికెళ్ళి మా పెద్దోళ్ళని అడిగాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. మన కొండల్లో కాఫీ పుట్టలేదు. దాని పుట్టిల్లు ఇథియోపియా అడవులు. అక్కడి నుంచి యెమెన్ వెళ్ళింది. బాబా బుడన్ అనే సూఫీ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటాడని కథ చెబుతారు. మన తూర్పు కనుమలకి మాత్రం 1898లో వచ్చింది. బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలో పాములేరు లోయలో నాటించాడు. తర్వాత గూడెం, చింతపల్లి, అరకు, అనంతగిరి వైపు పాకింది.

ఇప్పుడు ఆ కాలం ఎలాంటిదో చూడండి. నా హాస్టల్‌కి దగ్గర్లోనే ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. దానికి 1884లో పునాది వేశారు. అంతకి రెండేళ్ళ ముందే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన తాతల పోడు నేరమైపోయింది. చెట్టు కొట్టినా, పశువుని మేపినా అడగాల్సిందే. ఆ చట్టం వచ్చిన పదహారేళ్ళకి కాఫీ మొక్క వచ్చింది. అంటే మన పంట వద్దన్న కొండ మీదే వాళ్ళకి కావలసిన పంట వేశారు. 1922లో గూడెం ప్రాంతంలో తహశీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయిస్తుంటే జనం కడుపు మండింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, మన వాళ్ళు పడి తుపాకులు తీసుకెళ్ళారు. ఆ తిరుగుబాటు కాఫీ గురించి కాదు. కానీ ఆ కొండా, ఆ మనుషులే ఇప్పటి కాఫీ కొండా, కాఫీ రైతులూ.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం, విశాఖలో పుట్టింది. 1960 ప్రాంతంలో అటవీ శాఖ రిజర్వ్ అడవిలో కాఫీ తోటలు వేసింది. అందులో మన వాళ్ళు కూలీలు. ఆ తోటలు మాకే ఇవ్వండి అని మన వాళ్ళు తర్వాత చాలాసార్లు అడిగారు. జీసీసీ, ఐటీడీఏ వచ్చాక గిరిజన రైతుల సొంత భూమిలో కాఫీ మొదలైంది. పోడు మాన్పించాలన్నది సర్కారు ఆలోచన. నీడకి సిల్వర్ ఓక్ మొక్కలిచ్చారు, వాటికి మిరియం తీగ పాకించారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. కర్ణాటకలో కాఫీ అంటే పెద్ద ఎస్టేట్లు కూడా, ఒకాయన యజమాని, వందమంది కూలీలు. మన దగ్గర అలా ఎందుకు కాలేదు? 1/70 చట్టం వల్ల. 1959 నాటి భూబదలాయింపు నిబంధనని 1970లో గట్టిచేసి, షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరులకి పోకుండా ఆపారు. ఆ చట్టానికి ఎన్ని కన్నాలు పెట్టారో మనకి తెలుసు. అయినా అది లేకపోతే ఈరోజు మా అయ్య కూడా ఎవరి ఎస్టేట్లోనో కూలీయే. ఎకరం, రెండెకరాల తోటలు లక్షల ఎకరాల్లో మన చేతిలో ఉన్నాయంటే అందుకే. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవన్నీ ఆ చిన్న తోటల మీద నిలబడినవే.

కానీ పేరు వచ్చినంత మాత్రాన బాధ పోలేదు. మొక్క నాటి మూడు నాలుగేళ్ళు ఆగాలి. నవంబర్ నుంచి ఎర్రగా పండిన కాయే ఏరాలి, పచ్చిది ముట్టకూడదు. సుమారు ఆరు కిలోల పండు పొట్టు తీసి, కడిగి, ఎండబెడితే ఒక కిలో గింజ వస్తుంది. అవసరానికి సంతలో షావుకారు దగ్గర ముందే డబ్బు తీసుకున్న ఇల్లు అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. 2025 వానాకాలంలో అరకు వైపు కాయతొలిచే పురుగు కనిపించింది. అది వింటే మా ఇంట్లో అందరి మొహాలు వాడిపోయాయి.

ఇంకోటి చెప్తాను, ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా ఇంట్లో కాఫీ తాగరు. పండినదంతా అమ్మకానికే. మేము తాగేది టీ, అంబలి.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు బిస్కెట్లు, కోకో, మిల్క్‌మెయిడ్ పట్టుకెళ్ళాను. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. దిగులుపడ్డాను కానీ మా పక్కనే లంబసింగి, ఆ చలికి ఫ్రిజ్ ఎందుకు? ఉండలు చుట్టి గిన్నెలో పెట్టి, మూతేసి, రాత్రంతా అరుగు మీద ఉంచాను. తెల్లారేసరికి గట్టిపడ్డాయి. అమ్మ ఒకటి తిని "తియ్యగా ఉంది, వెనకాల సేదు తగులుతోంది" అంది. అయ్య నెమ్మదిగా నమిలాడు. "ఇది మన కాఫీయేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇన్నేళ్ళు మోశాను గానీ రుచి ఇలా ఉంటాదని తెలీదు" అన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు.

ఇప్పుడు ఆ ఫ్రెండ్‌కి నా జవాబు ఇది. మిరపకాయ, టమాటా కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అవి లేని తెలుగు వంట చెప్పు చూద్దాం. నేను ఉండలో వేసిన కోకో కూడా అక్కడిదే, ఇప్పుడు గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో పండుతోంది. పంట ఎవరు తెచ్చారన్నది ఒక ప్రశ్న. దాన్ని ఎవరు మోశారు, ఎవరి నేల మీద పెరిగింది, లాభం ఎవరికి పోతోంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు బ్రోడీ. రెండోదానికి జవాబు మన ఇళ్ళల్లో ఉంది.

జహనుమా అంటే ప్రపంచాన్ని చూపేది అని ఇక్కడి అక్క ఒకామె చెప్పింది. నాకు మాత్రం ఈ ఊరు మా కొండనే చూపించింది.

మీ తాతల్ని, నానమ్మల్ని అడగండి. మీ ఊర్లో మొదటి కాఫీ మొక్క ఎవరు నాటారు, అప్పుడు కూలి ఎంత, ఆ భూమి ఎవరిది? అడిగి రాసిపెట్టండి. వాళ్ళు ఉండగానే రాయాలి. నేను రాసినదాంట్లో తప్పులుంటే పెద్దోళ్ళు సరిచేయండి. ఈసారి ఇంటికెళ్ళేటప్పుడు అమ్మానాన్నలకి ఒక ఉండ చేసి పెట్టండి.

జోహార్.