ఆటల్లేని నెలల్లో జట్టు ఎవరిది?



ఈసారి ఒక ఫుట్‌బాల్ జట్టు గురించి రాస్తున్నాను. అందులోనూ ఆ జట్టు మ్యాచులు ఆడని నెలల గురించి. చరిత్ర రాస్తానని చెప్పి ఆటల కబుర్లేమిటి అనుకోకండి. మన హాస్టళ్ళకూ యూనివర్సిటీలకూ పనికొచ్చే పాఠం ఇందులో ఉంది.

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకొని, తలకు హెల్మెట్ పెట్టుకొని, ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడేది. అక్కడ కాలేజీ జట్లకు ఉన్న అభిమానం మన దగ్గర సినిమా హీరోలకు ఉన్న అభిమానం లాంటిది. నేను చెప్పబోయే జట్టు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీది. మన కవి అఫ్సర్ కొన్నేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అదే. జట్టు పేరు లాంగ్‌హార్న్స్, గుర్తు పొడుగు కొమ్ముల ఎద్దు. వాళ్ళ స్టేడియంలో లక్ష మంది పడతారు.

సీజన్ ఆగస్టు చివర్లో మొదలై జనవరికల్లా అయిపోతుంది. మిగతా ఏడెనిమిది నెలలు అభిమానులకు మాటలే మేత. ఏ హైస్కూల్ కుర్రాడు మన జట్టులోకి వస్తున్నాడు, ఎవడు వదిలి పోతున్నాడు, కోచ్‌ను తీసేస్తారా, ఏ ఆసామి ఎంత చందా ఇచ్చాడు. పైకి కాలక్షేపంలా ఉంటుంది. కానీ జట్టు బతికేది ఈ నెలల్లో పోగేసుకున్న వాటి మీదే. కొత్త ఆటగాళ్ళు రావాలి, డబ్బు రావాలి. క్యాంపస్ చూడటానికి వచ్చిన కుర్రాళ్ళను వెంట తిప్పి ఒప్పించేది పాత ఆటగాళ్ళు. దాతల విందుల్లో పక్కన నిలబడి ఫొటోలు దిగేదీ వాళ్ళే. అప్పట్లో దీనికి జీతం లేదు. ఇది పని అని కూడా ఎవరూ అనేవాళ్ళు కాదు.

2020 జూన్‌లో లాంగ్‌హార్న్స్ ఆటగాళ్ళు సరిగ్గా ఈ పనినే ఆపేస్తామన్నారు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1946లో హ్యూస్టన్‌లో ఉత్తరాలు పంచే హీమన్ స్వెట్ అనే నల్లజాతి యువకుడు ఈ యూనివర్సిటీ లా కోర్సుకు దరఖాస్తు చేశాడు. చదువు ఉంది, అర్హత ఉంది. రంగు నలుపు కాబట్టి సీటు లేదన్నారు. కోర్టుకు పోయాడు. ఇక సీటు ఇవ్వక తప్పదేమో అనిపించేసరికి, రాష్ట్ర ప్రభుత్వం నల్లవాళ్ళ కోసం విడిగా ఒక లా స్కూల్ పెట్టేసింది. ఊరి బావి ముట్టకుండా వాడలో వేరే బావి తవ్వించడం మనకు తెలియని విద్యా? స్వెట్ తరఫున థర్గుడ్ మార్షల్ వాదించాడు. 1950 జూన్ 5న సుప్రీం కోర్టులో స్వెట్ గెలిచాడు. లోపలికి వెళ్ళాడు గానీ ఆరోగ్యం, కుటుంబం రెండూ దెబ్బతిని కోర్సు పూర్తి చేయలేకపోయాడు.

ఆ కేసులో ప్రతివాది యూనివర్సిటీ అధ్యక్షుడు పెయింటర్. క్యాంపస్‌లోని ఒక పెద్ద సైన్స్ భవనానికి ఆయన పేరే ఉంది. కేసు గెలిచినవాడి పేరు కాదు, ఓడినవాడి పేరు.

డిగ్రీ కోర్సుల్లోకి నల్లజాతి విద్యార్థుల్ని 1956లో రానిచ్చారు. ఆటల్లోకి రావచ్చని పాలకమండలి తేల్చింది 1963లో. అయినా 1969లో లాంగ్‌హార్న్స్ జాతీయ చాంపియన్లు అయినప్పుడు మైదానంలో దిగిన జట్టంతా తెల్లవాళ్ళే. అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా డ్రెస్సింగ్ రూముకు వెళ్ళి అభినందించిన జట్టు అది. ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేకుండా జాతీయ చాంపియన్ అయిన చివరి జట్టు కూడా అదే. శాన్ ఆంటోనియో నుంచి వచ్చిన జూలియస్ విటియర్ ఆ ఏడాది మొదటి సంవత్సరం విద్యార్థి. మొదటి ఏడాది వాళ్ళు ప్రధాన జట్టులో ఆడకూడదనేది అప్పటి నియమం. 1970లో అతను ప్రధాన జట్టులో దిగాడు. కోర్టు తీర్పు నుంచి మైదానం దాకా 20 ఏళ్ళు పట్టింది.

తర్వాత సంగతి మారింది. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని ఈ యూనివర్సిటీకి 1977లో ఎర్ల్ క్యాంప్‌బెల్, 1998లో రికీ విలియమ్స్ తెచ్చిపెట్టారు. ఇద్దరూ నల్లవాళ్ళే. క్యాంప్‌బెల్ టైలర్ పట్టణంలో గులాబీ తోటల్లో పనిచేసిన కుటుంబంలో పుట్టాడు, 11 మంది పిల్లల్లో ఒకడు. ఇవాళ ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువ మంది నల్లవాళ్ళు. మొత్తం విద్యార్థుల్లో మాత్రం పదిమందికి ఒక్కరు కూడా లేరు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి.

ఇక పాట సంగతి. 'ది ఐస్ ఆఫ్ టెక్సస్' అనేది యూనివర్సిటీ గీతం. ప్రతి ఆట తర్వాత ఆటగాళ్ళు అభిమానుల వైపు తిరిగి, చెయ్యెత్తి నిలబడి పాడాలి. దాన్ని మొదట పాడింది 1903లో, ఆస్టిన్‌లో ఒక మిన్‌స్ట్రెల్ షోలో. తెల్లవాళ్ళు ముఖాలకు నలుపు పూసుకొని నల్లవాళ్ళ మాటనూ నడకనూ వెక్కిరించే ప్రదర్శన అది. ఆ వెక్కిరింపు వేదిక మీద పుట్టిన పాటను ఇప్పుడు నల్లవాళ్ళే, ఒంటి మీద చెమట ఆరకముందే నిలబడి పాడాలి.

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. అతను పెరిగింది హ్యూస్టన్‌లో. జాక్ యేట్స్ హైస్కూల్ జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు, 1992లో రాష్ట్ర ఫైనల్ కూడా ఆడాడు. హీమన్ స్వెట్ చదివిందీ ఆ జాక్ యేట్స్ స్కూల్లోనే. టెక్సస్ ఆటగాళ్ళకు ఫ్లాయిడ్ ఎక్కడో దూరపు మనిషి కాదు. జూన్ 4న జట్టు మొత్తం, కోచ్‌తో సహా, రాష్ట్ర శాసనసభ భవనం దాకా నడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. అప్పటిదాకా అందరూ మెచ్చుకున్నారు.

జూన్ 12న ఆటగాళ్ళు ఉత్తరం విడుదల చేశారు. జాత్యహంకారుల పేర్లున్న భవనాలకు పేర్లు మార్చాలి. అందులో పెయింటర్ పేరుంది, నల్లజాతి విద్యార్థులకు పాఠం చెప్పనన్న గణిత ఆచార్యుడు రాబర్ట్ లీ మూర్ పేరూ ఉంది. స్టేడియంలో ఒక భాగానికి విటియర్ పేరు పెట్టాలి. కొత్త విద్యార్థులకు క్యాంపస్ జాతి వివక్ష చరిత్ర చెప్పాలి. క్రీడావిభాగం ఆదాయంలో అర శాతం నల్లజాతి సంస్థలకు ఇవ్వాలి. పాట మార్చాలి. ఇవి తేలేదాకా ప్రాక్టీసు మానం గానీ, కొత్త ఆటగాళ్ళను రప్పించే పనిలోనూ దాతల కార్యక్రమాల్లోనూ పాల్గొనం అన్నారు.

ఎంత తెలివైన సమ్మె చూడండి. ఆడం అని ఉంటే స్కాలర్‌షిప్ తీసేయడానికి సాకు దొరికేది. వీళ్ళు పని అని ఎవరూ ఒప్పుకోని పనిని ఆపారు. ఎందుకు చెయ్యలేదని నిలదియ్యాలంటే, ముందు అది పనేనని యాజమాన్యం ఒప్పుకోవాలి.

అభిమానుల మాట ఒక్కసారిగా మారిపోయింది. ఆటలోకి రాజకీయాలెందుకు, వందేళ్ళ సంప్రదాయం ఏమైపోవాలి, మా మనోభావాల సంగతేంటి? ఈ మాటలు మనం ఎక్కడ విన్నామో మీకు చెప్పక్కర్లేదు.

నెల తిరిగేసరికి, జూలై 13న, యూనివర్సిటీ జవాబిచ్చింది. మూర్ పేరు భవనం మీద నుంచి తీసేశారు. విటియర్‌కు విగ్రహం అన్నారు. మైదానానికి ఒక శ్రీమంతుడైన లాయరు పేరుండేది. ఆ కుటుంబమే ముందుకొచ్చి కోరడంతో అది క్యాంప్‌బెల్-విలియమ్స్ మైదానం అయింది. స్వెట్‌కు స్మారకం అన్నారు. పెయింటర్ పేరు ఉండిపోయింది. పాట ఉండిపోయింది.

అక్టోబరు 10న ఓక్లహోమా చేతిలో ఓడిన రోజు, పాట మొదలయ్యేసరికి చాలామంది ఆటగాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. క్వార్టర్‌బ్యాక్ దాదాపు ఒంటరిగా నిలబడ్డ ఫొటో రాష్ట్రమంతా తిరిగింది. పాడకపోయినా సరే, పాట అయ్యేదాకా మైదానంలో ఉండాలని ఆ తర్వాత ఆటగాళ్ళకు చెప్పారు. అదే నెలలో మరో మ్యాచ్‌కు, పాట వాయించడానికి సరిపడా వాద్యకారులు ఒప్పుకోక, బ్యాండ్ మొత్తం రాలేదు.

ఇంతకీ పాటను కాపాడింది ఎవరు? 2021 మార్చిలో టెక్సస్ ట్రిబ్యూన్ పత్రిక బయటపెట్టింది. సమాచార చట్టం కింద అధ్యక్షుడి కార్యాలయానికి వచ్చిన ఈమెయిళ్ళు అడిగి తీసుకుంది. పాట గురించి రాసిన సుమారు 300 మందిలో 70 శాతానికి పైగా అది ఉండాల్సిందేనన్నారు. ఓ 75 మంది డబ్బు ఆపేస్తామని నేరుగా బెదిరించారు. నల్లజాతి విద్యార్థులకు నచ్చకపోతే వేరే కాలేజీకి పొమ్మన్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకే యూనివర్సిటీ నియమించిన కమిటీ నివేదిక వచ్చింది. మిన్‌స్ట్రెల్ షోలో పుట్టిందని ఒప్పుకుంటూనే, పాట రాసిన ఉద్దేశంలో జాత్యహంకారం లేదని తేల్చింది. పాట వాయించని వాళ్ళ కోసం వేరే బ్యాండ్ పెడతామన్నారు. 1947లో వేరే లా స్కూల్, 2021లో వేరే బ్యాండ్.

పేర్ల విషయంలో తగ్గి, పాట విషయంలో ఎందుకు తగ్గలేదు? నాకు అర్థమైంది ఇది. భవనం మీద పేరు మారితే, ఆ భవనంలోకి ఎప్పుడూ అడుగు పెట్టని దాతకు పోయేదేమీ లేదు. పాట అలా కాదు. లక్ష మంది ఎదుట, గెలిచిన నల్లజాతి ఆటగాడు తల వంచి కృతజ్ఞత చూపే క్షణం అది. ఆ క్షణం కోసమే వాళ్ళు డబ్బిస్తున్నారు. ఆట మీది, జట్టు మాది అని చెప్పుకునే క్షణం.

మన దగ్గర ఇది కొత్త కాదు. చమార్ కులంలో పుట్టిన పాల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అంతకుముందు పూనాలో హిందూ జట్టుకు ఆడినప్పుడు అతని బంతికి చప్పట్లు కొట్టినవాళ్ళే, టీ విరామంలో అతనికి పెవిలియన్ బయట, తాగి పారేసే మట్టి ముంతలో టీ పోశారు. అంతటి బౌలర్‌కు కెప్టెన్సీ ఎన్నడూ దక్కలేదు.

అయితే మన దగ్గర పేరు కూడా తేలిగ్గా రాదు. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేరుస్తామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇంటికే నిప్పు పెట్టారు. మరాఠ్వాడా యూనివర్సిటీకి ఆ పేరు చేర్చడానికి 1978 నుంచి 1994 దాకా 16 ఏళ్ళు పట్టింది, ప్రాణాలు పోయాయి. అందుకే టెక్సస్ ఆటగాళ్ళు నెలరోజుల్లో సాధించింది చిన్నదని నేననను.

విటియర్ మాత్రం తన విగ్రహం చూడలేదు. లాయరుగా పనిచేసిన ఆ మనిషి చివరికి మతిమరుపు వ్యాధిలో పడ్డాడు. ఆటలో తలకు తగిలిన దెబ్బలకు బాధ్యత తీసుకోవాలని 2014లో అతని కుటుంబం కాలేజీ క్రీడల సంస్థ మీద కేసు వేసింది. 2018లో చనిపోయాడు. 2020 నవంబరులో స్టేడియం ముందు కంచు విగ్రహం లేచింది.

ఇప్పుడు ఆఫ్ సీజన్ మాటలు మారాయి. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ఒక కోర్టు ఒప్పందంతో యూనివర్సిటీలే ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. ఇక అభిమానుల బాధ ఏమిటంటే, కుర్రాళ్ళకు డబ్బు పిచ్చి పట్టింది, విశ్వాసం పోయింది అని. కోచ్‌ల కోట్ల జీతాల మీద ఆ బాధ ఇంతగా వినబడదు. మరోపక్క 2024 జనవరి నుంచి రాష్ట్ర చట్టం ఒకటి ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైవిధ్యం, సమానత్వం పేరుతో నడిచే కార్యాలయాలను మూయించేసింది. జేబులోకి కొంత వచ్చింది, కాళ్ళ కింద నేల కొంత పోయింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ క్యాంపస్‌లో కూడా లెక్క వేయండి. వార్షికోత్సవానికి డప్పు కొట్టేది ఎవరు? న్యాక్ బృందం వచ్చినప్పుడు ముందు వరసలో నిలబెట్టేది ఎవరిని? కాలేజీ బ్రోషర్‌లో ఎవరి మెడల్ ఫొటో ఉంది, ఫెలోషిప్ ఎవరికి ఆగింది? పని అని ఎవరూ అనని మీ పనిని ముందు గుర్తుపట్టండి. దాని విలువ తెలిసేది దాన్ని ఆపినప్పుడే. రెండోది, సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. నిర్ణయం వెనకాల ఎవరి ఫోనుందో ఊహించుకుంటూ కూర్చోకండి, దరఖాస్తు పెట్టండి. టెక్సస్‌లో దాతల బెదిరింపు పుకారుగా మిగిలిపోకుండా చరిత్ర అయింది అలా అడిగినందుకే.

వచ్చే భాగంలో 1969లో చేతికి నల్ల పట్టీ కట్టుకుంటామన్నందుకు వయోమింగ్ యూనివర్సిటీ జట్టు నుంచి గెంటేసిన 14 మంది కథ.

జై భీమ్.