పరహేజ్‌లోనూ ఖమీరీ రోటీ

నాన్, షీర్మాల్, హలీమ్, ఈద్ నాటి షీర్ ఖుర్మాలో సేవయ్యా... మన దస్తర్‌ఖాన్ మీద గోధుమ లేనిదేది? అందుకే బిడ్డకు సీలియాక్ బీమారీ అని తేలి, ఉమ్రంతా గోధుమ పరహేజ్ అని డాక్టర్ చెప్పగానే అమ్మీ దిల్ కలుక్కుమంటుంది. అందరి మధ్యలోంచి బిడ్డను లేపి పక్కన కూర్చోబెట్టినట్టే అనిపిస్తుంది.

ఈ పరహేజ్‌కు ఒక తారీఖ్ ఉంది. దీనికి ఇలాజ్ ఉంటే అది తిండిలోనే ఉందని లండన్ డాక్టర్ శామ్యూల్ గీ 1887లోనే అన్నాడు. ఏ తిండి అన్నది మాత్రం తేలలేదు. 1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యంతో పిల్లల్ని నిలబెట్టాడు. అసలు కసూర్ గోధుమదని ఆయనా పట్టుకోలేకపోయాడు.

పట్టుకున్నది హాలండ్‌లోని హేగ్ నగరంలో పిల్లల డాక్టర్ విల్లెమ్ డికె. రొట్టె మానేస్తే బిడ్డ తేరుకుంటోందని ఒక తల్లి చెప్పిన మాటతోనే ఆయనకు షక్ మొదలైందంటారు. 1944-45 చలికాలంలో జర్మన్ కబ్జాలో ఉన్న ఆ దేశంలో ఘోరమైన ఖహత్ వచ్చింది. జనం ట్యులిప్ గడ్డలు తిన్నారు. వేలమంది చనిపోయారు. అదే సమయంలో గోధుమ రొట్టె దొరకని సీలియాక్ పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగి వచ్చాక మళ్లీ జబ్బుపడ్డారు. 1950లో ఉట్రెక్ట్ యూనివర్సిటీకి ఇచ్చిన థీసిస్‌లో డికె తన సుబూత్ పెట్టాడు. గోధుమలోని గ్లూటెనే ముజ్రిమ్ అని తర్వాత రుజువైంది.

మరి ఖమీరీ రోటీ ఎలా? ఖమీర్ పుట్టించే గాలిని గ్లూటెన్ సాగుతూ పట్టి ఉంచుతుంది. జొన్నపిండికీ, బియ్యప్పిండికీ ఆ తాఖత్ లేదు. అందుకని అమెరికాలో జాంతన్ గమ్ కలిపారు. తిండిలో దాని వాడకానికి అక్కడ 1969లో ఇజాజత్ దొరికింది. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కలిపేది ఇసబ్‌గోల్ పొట్టు. మన పెద్దలు మలబద్ధకానికి నీళ్లలో కలిపి తాగేదే! ఆ పేరు ఫార్సీది, గుర్రం చెవి అని అర్థం. పంట ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌లలో.

20 గ్రాముల పొట్టును 400 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో నానబెడితే జిగురవుతుంది. జొన్న, బియ్యం, సగ్గుబియ్యం పిండులు కలిపి 400 గ్రాములు, 7 గ్రాముల ఈస్ట్, ఉప్పు, చెంచా చక్కెర, కొంచెం నూనె వేసి కలపండి. గట్టిగా ఉంటే ఇంకొన్ని నీళ్లు పోయండి. గంటసేపు పిసకనక్కర్లేదు. అచ్చులో పెట్టి, ఒక్కసారి పొంగాక, 200 డిగ్రీల ఓవెన్‌లో సుమారు గంట కాల్చండి. పూర్తిగా చల్లారాకే కోయాలి, లేదంటే లోపల బంకగా ఉంటుంది.

రెండు విషయాలు యాద్ పెట్టుకోండి. గోధుమలు పట్టే గిర్నీలోనే జొన్నలు పట్టిస్తే పరహేజ్ చెడినట్టే. ఇక షక్ రాగానే ముందే గోధుమ మాన్పించకండి. మానేశాక చేసే ఖూన్ పరీక్షలో బీమారీ బయటపడకపోవచ్చు. ముందు పరీక్ష, తర్వాతే పరహేజ్. ఆ తర్వాత రోటీ ఇంటిల్లిపాదికీ ఇదే చేయండి, బిడ్డ అందరితో కలిసి తింటుంది.