బర్ఫ్: బాద్షాల నుంచి బచ్చాల దాకా

హిందూస్తాన్ మీద బాబర్ బాద్షా రాసిన షికాయత్‌ల జాబితా పెద్దదే. ఇక్కడ మంచి గుర్రాలు లేవంటాడు, మంచి ద్రాక్ష లేదంటాడు, ఖర్బూజా లేదంటాడు, హమ్మామ్‌లు లేవంటాడు. ఆ వరసలోనే బర్ఫ్ లేదు, చల్లటి నీళ్లు లేవు అని కూడా బాబర్‌నామాలో ఉంది. ఫర్గానా కొండల మధ్య పుట్టి, కాబూల్ ఏలినవాడు మరి. 1526 ఏప్రిల్‌లో పానిపట్ గెలిచి, నేరుగా ఆగ్రా ఎండల్లోకి వచ్చి పడ్డాడు. ఆ వేడికి ఆయన బేగ్‌లు చాలామంది వెనక్కి పోదామని పట్టుబట్టారు. మే నెలలో రాయలసీమ ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి కనక నాకు ఆ బేగ్‌ల మీద హమ్‌దర్దీయే తప్ప కోపం లేదు.

ఇవాళ మన ఇళ్లలో ఆరేళ్ల పిల్ల ఫ్రిజ్ తలుపు తీసి, పుచ్చకాయ ముక్కలూ ఐసు ముక్కలూ మిక్సీలో వేయించుకుని, స్ట్రా పెట్టుకుని తాగేస్తోంది. మొఘల్ సల్తనత్‌ని స్థాపించిన బాద్షాకి ఆగ్రాలో దొరకని వస్తువు అది. ఇది మన పిల్లల గ్లాసులోకి ఎట్లా వచ్చింది, దారిలో ఎవరెవరి చేతులు మారింది అన్నదే ఈ కథ. తారీఖ్ అంటే జంగ్‌లూ తఖ్త్‌లే అనుకుంటాం గానీ, గ్లాసులో కూడా బోలెడు తారీఖ్ ఉంటుంది.

ముందు షర్బత్ మాట. అరబీలో 'షరిబ' అంటే తాగాడు అని. దాంట్లోంచే షర్బత్, షరాబ్ రెండూ పుట్టాయి. హలాలూ హరామూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట! ఇంగ్లీషువాళ్ల సిరప్ కూడా ఆ 'షరాబ్' నుంచి లాటిన్ మీదుగా వచ్చిందే. తుర్కుల నోటి మీదుగా ఇటలీ వెళ్లి 'సొర్బెత్తో' అయింది, ఫ్రాన్స్‌లో 'సోర్బే' అయింది. ఇప్పుడు పెద్ద హోటళ్లలో సోర్బే అని చిన్న గిన్నెలో పెట్టి, బిల్లు మాత్రం పెద్దది ఇస్తున్నారే, అది మన షర్బతే. విలాయత్ వెళ్లి సూటు వేసుకుని వచ్చింది.

మొదట్లో షర్బత్‌కి హకీముల దవాఖానాతోనే ఎక్కువ రిష్తా. పన్నెండో శతాబ్దంలో జుర్జానీ ఫార్సీలో రాసిన 'జఖీరా-ఎ-ఖ్వారిజ్మ్‌షాహీ' అనే తిబ్ గ్రంథంలో దానిమ్మ షర్బత్, సికంజబీన్ వంటివన్నీ మందుల వరసలోనే కనిపిస్తాయి. సికంజబీన్ అంటే సిర్కా, అంగబీన్, అంటే పుల్లటి సిర్కాలో తేనె. అదే నలిగి నలిగి ఉత్తరాదిన షికంజీ అయింది. సిర్కా పోయి నిమ్మకాయ వచ్చింది, తేనె పోయి చక్కెర వచ్చింది, పేరు మాత్రం మిగిలింది. పండు దొరికే నెల రెండు నెలలు. దాని రసాన్ని చక్కెరతో కాచి పెట్టుకుంటే ఏడాదంతా ఉంటుంది. షర్బత్ హిక్మత్ అంతా ఆ చిన్న మాటలోనే ఉంది.

ఇక చలువ సంగతి. బాబర్ మనవడు అక్బర్ దర్బార్‌లో నీళ్లకే ఒక మహక్మా ఉండేది, ఆబ్‌దార్‌ఖానా. అక్కడ నీళ్లు ఎలా చల్లబరిచేవాళ్లో అబుల్ ఫజల్ 'ఆయిన్-ఎ-అక్బరీ'లో కొలతలతో సహా రాశాడు. ఒక సేరు నీళ్లు లోహపు కూజాలో పోసి మూతి బిగించాలి. వేరే పాత్రలో అయిదు సేర్ల నీళ్లకి రెండున్నర సేర్ల షోరా కలపాలి. ఆ నీళ్లలో కూజాని పావుగంట సేపు తిప్పుతూ ఉంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. షోరా నీళ్లలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, అంతే కిటుకు. బారూదులో వేస్తే మండే వస్తువుతో బాద్షా నీళ్లు చల్లబరుస్తున్నాడని అబుల్ ఫజల్ మురిసిపోయాడు. మురిసిపోవాల్సిందే.

ఉర్దూ మీడియం బడిలో ఈ షోరా అన్న మాట నేర్చుకున్నాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక సూరేకారం అన్న మాట కనపడింది. ఏదో కొత్త వస్తువు అనుకుని నిఘంటువు తీస్తే అదీ ఇదీ ఒకటే. (ఒక హెచ్చరిక: ఆ నీళ్లు కూజా బయటే ఉంటాయి, తాగేవి కావు. పిల్లలకి చూపిద్దామని ఇంట్లో ప్రయోగాలు పెట్టకండి.)

షోరాతో నీళ్లు చల్లబడతాయి గానీ, గడ్డ కట్టవు. దానికి బర్ఫే కావాలి. 1586 ప్రాంతంలో అక్బర్ పంజాబ్‌కి మకాం మార్చాక లాహోర్‌కి ఉత్తరాది కొండల నుంచి బర్ఫ్ తెప్పించడం మొదలైంది. పడవల మీద, బండ్ల మీద, మనుషుల వీపుల మీద వచ్చేది. దారిలో ఎంత కరుగుతుందో, ఏ రుతువులో ధర ఎంతో కూడా ఆయిన్ లెక్క రాసింది. ఎండాకాలంలో అన్ని తరగతులవాళ్లూ బర్ఫ్ వాడతారు, ఉమ్రావులు ఏడాది పొడుగునా వాడతారు అంటాడు అబుల్ ఫజల్. ఈ 'అన్ని తరగతులు' అన్న మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. దర్బారు ముసన్నిఫ్‌కి కనపడే తరగతులు ఎన్ని? ఆ గడ్డల్ని వీపున మోసుకొచ్చినవాడి పిల్లలు వాటిలో ఉన్నారా? పుస్తకంలో బర్ఫ్ ధర ఉంది, జవాబు లేదు.

కొండలు దూరమైన చోట ఇంకో ఉపాయం ఉండేది. ఇలాహాబాద్‌లో బర్ఫ్ ఎలా చేస్తారో సర్ రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు ఫౌజీ అధికారి రాసిన వ్యాసం 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. చలికాలంలో బయలు మైదానంలో లోతు తక్కువ గుంటలు తవ్వి, అడుగున చెరుకు పిప్పో ఎండిన జొన్న దంట్లో పరిచి, వాటి మీద పల్చటి మట్టి మూకుళ్లు వరసగా పేర్చేవాళ్లు. సందె వేళ వాటిలో కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే, తెల్లవారే సరికి పైన బర్ఫ్ పొర కట్టేది. సూర్యుడు రాకముందే కూలీలు దాన్ని ఏరి, గంపల్లో మోసి, గడ్డీ కంబళ్లూ పరిచిన లోతైన గుంతలో దట్టించి మూసేవాళ్లు. అది ఎండాకాలానికి దాచిన సొత్తు.

ఆ వ్యాసంలో నన్ను ఆపిన భాగం చివర్లో ఉంది. షర్బత్‌ని కోసుగా ఉండే పల్చటి వెండి గిన్నెల్లో పోసి, మూతల్ని పిండి ముద్దతో అతికి, బర్ఫ్, షోరా, ఉప్పు నింపిన పెద్ద పాత్రలో పెడితే గడ్డ కడుతుందని రాశాడు. పిండితో మూత అతికిన ఆ కోసు గిన్నె ఏమిటో మీకు నేను చెప్పాలా? అది మన కుల్ఫీ సాంచా. కుల్ఫ్ అంటే తాళం. మూత బిగించి తాళం వేసినట్టు మూసింది కనక కుల్ఫీ. ఉప్పు కలిసిన బర్ఫ్ మామూలు బర్ఫ్ కన్నా ఎంతో చల్లబడుతుంది, సున్నాకి కింద ఇరవై ఒక్క డిగ్రీల దాకా పోగలదు. ఫ్రీజరు లేని రోజుల్లో కుల్ఫీవాలా మట్కాలో నడిచింది ఆ హిక్మతే. కరెంటు అక్కర్లేదు, ఉప్పు చాలు.

తర్వాతి మలుపు అమెరికాది. బోస్టన్‌కి చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల మీద చలికాలంలో కట్టిన మంచుని కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడలకెక్కించి అమ్మేవాడు. 1833 మేలో 'టస్కనీ' అనే ఓడ 180 టన్నుల బర్ఫ్‌తో బోస్టన్‌లో బయల్దేరింది. నాలుగు నెలల సఫర్ చేసి సెప్టెంబర్‌లో కలకత్తా చేరేసరికి 100 టన్నులు ఇంకా మిగిలే ఉంది. భూమధ్యరేఖని రెండుసార్లు దాటి! కలకత్తా దొరలు ఎంత సంబరపడ్డారంటే, చందాలు వేసుకుని బర్ఫ్ కోసం ఇల్లు కట్టించారు. మద్రాస్ సముద్రపు ఒడ్డున 1842లో కట్టిన ఐస్ హౌస్ కూడా ఆ వ్యాపారం కోసమే. స్వామి వివేకానంద 1897లో అక్కడ బస చేశారు కనక ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. మద్రాస్ వెళ్లిన మనవాళ్లు బీచ్ రోడ్డు మీద దాన్ని చూసే ఉంటారు, బర్ఫ్ గోదాము అని తెలియకపోవచ్చు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీలోవే. అయినా ఆ బర్ఫ్ కలెక్టరు దొరల గ్లాసులకీ, ఆస్పత్రి జ్వరాలకీ తప్ప గల్లీ పిల్లల దాకా రాలేదు.

వాళ్ల దాకా తెచ్చింది మెషీన్. 1874లో మద్రాస్‌లో, 1878లో కలకత్తాలో ఆవిరి యంత్రాలతో బర్ఫ్ చేసే కంపెనీలు వచ్చాయి. ఓడల వ్యాపారం మూతపడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఐసు ఫ్యాక్టరీ ఊరూరికీ పాకింది. రైలు స్టేషను పక్కన, చేపల రేవు పక్కన పెద్ద పెద్ద దిమ్మలు తయారయ్యాయి. గోలా బండి, కుల్ఫీ మట్కా, పుల్ల ఐసు డబ్బా అన్నీ ఆ దిమ్మల మీద బతికాయి. ఐస్‌ఫ్రూట్ అని పిలుస్తాం గుర్తుందా? అందులో ఫ్రూట్ ఎక్కడుందని మా బడిలో ఎవడూ అడగలేదు. రంగు నీళ్లూ చక్కెరే. నాలుక ఎర్రగా అయితే పైసా వసూల్.

ఎండాకాలం రంజాన్‌లో అస్ర్ నమాజ్ తర్వాత బజారులో బర్ఫ్ దిమ్మ దగ్గర కనపడే గుంపు ఫ్రిజ్‌లు లేని ఇళ్ల హిసాబు చెప్పేది. ఊకలో పొర్లిన దిమ్మ, సుత్తీ, గోనెపట్టా. అబ్బా అర కిలో ముక్క గోనెలో చుట్టి నా చేతికిచ్చి పరిగెత్తమనేవాడు. ఇంటికొచ్చేసరికి పావు వంతు దారి పొడుగునా చుక్కలుగా పోయేది. ట్యూడర్ ఓడలో సగానికి తక్కువే కరిగిందని చదివినప్పుడు నాకు ఆ గోనెపట్టా మీద కోపం వచ్చింది!

షర్బత్ సీసాల్లోకి ఎక్కిన కథ మనందరికీ తెలిసిందే. ఢిల్లీలో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ 1906లో హమ్‌దర్ద్ దవాఖానా పెట్టారు. ఆ మరుసటి ఏడాది రూహ్ అఫ్జా వచ్చింది. హకీముల నుస్ఖా పండ్లూ, పూలూ, మూలికలతో దస్తర్‌ఖాన్ మీదికి ఎక్కింది. తక్సీమ్ తర్వాత ఒక బేటా హకీమ్ అబ్దుల్ హమీద్ ఢిల్లీలో ఉండిపోయారు, ఇంకొక బేటా హకీమ్ మొహమ్మద్ సయీద్ కరాచీ వెళ్లి అక్కడ హమ్‌దర్ద్ పెట్టారు. సరిహద్దుకి రెండు వైపులా ఇఫ్తార్‌లో అదే ఎరుపు.

అయితే మన సీమలో దానికన్నా పాతది ఒకటుంది, నన్నారి. తెలుగులో సుగంధిపాల. ఆ వేళ్లు నానబెట్టి, కాచి, చక్కెర పాకంలో కలిపితే నన్నారి షర్బత్. కడప, కర్నూలు బజార్లలో నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇస్తారు. పీర్ల పండగకి మన ఊళ్లలో సబీల్ దగ్గర పంచే షర్బత్, బెల్లం పానకం ఇంకో రకం. కర్బలా దప్పిక యాదిలో ఇచ్చేది కనక దానికి ధర ఉండదు, తాగేవాడి మజ్‌హబ్ అడగరు. బర్ఫ్ లేని రోజుల్లో కుండ నీళ్లతోనే కలిపేవాళ్లు. బాద్షాకి లేని బేఫికర్ ఆ కుండలో ఉంది.

ఇవన్నీ చదివాక మా ఇంట్లో పిల్లలకి రంగు నీళ్ల సీసాలు తేవడం తగ్గించాం. పండు ఇంట్లోనే గడ్డ కట్టిస్తున్నాం. పుచ్చకాయ గింజలు తీసి మిక్సీలో వేసి, వడకట్టకుండా, నాలుగు కప్పుల రసానికి పావు కప్పు చక్కెర, ఒక నిమ్మకాయ, చిటికెడు ఉప్పు కలిపి, అంచులున్న స్టీలు పళ్లెంలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. అరగంటకోసారి ఫోర్కుతో గీకాలి. మూడు నాలుగు సార్లు గీకితే ఉప్పు రవ్వలాగా పొడిపొడిగా వస్తుంది. చక్కెర మొత్తం మానేస్తే ఆరోగ్యమే గానీ, రాయిలా గట్టిపడుతుంది. చక్కెర నీటిని పూర్తిగా గడ్డ కట్టనివ్వదు, అందుకే అది రుచికే కాదు, మెత్తదనానికి కూడా. మామిడి గుజ్జు చిక్కన కనక దానికి సమానంగా నీళ్లు కలపాలి. ఫాల్సా దొరికితే వదలకండి, కొద్దికాలమే ఉంటుంది. పళ్లు చిదిమి, గింజలు వడకట్టి, నల్లుప్పు వేసి గడ్డ కట్టించండి. నానబెట్టిన సబ్జా గింజలు మాత్రం ఫ్రీజర్‌లో వద్దు, గ్లాసులో వేశాక పైన చల్లండి.