పాయసం వచ్చేదాకా

నాగపూర్ స్టేషన్ దగ్గర లాడ్జి. ఆదివారం మధ్యాహ్నం. కిటికీలో కూలర్ రొద పెడుతోంది, గదంతా తడిగడ్డి వాసన. మీ బండి అయిదింటికి. సంచి సర్దేశారు. ఊరికే రిమోట్ నొక్కుతూ పోతుంటే ఒకచోట వేలు ఆగిపోయింది. మీసాల ఠాకూర్ గారు కొడుకు మీద మండిపడుతున్నారు.

‘సూర్యవంశం’. సోనీ మ్యాక్స్‌లో మళ్ళీ.

ఎన్నోసారో మీకే తెలియదు. ఇంట్లో అయితే ‘మళ్ళీ అదేనా’ అంటారని గబుక్కున మార్చేసేవారు. ఇక్కడ అనేవాళ్ళు లేరు. రిమోట్ మంచం మీద పడేశారు.

టీ తెచ్చిన కుర్రాడు గుమ్మంలోనే నిలబడి తెర వైపు చూశాడు. ‘ఖీర్ అయిపోయిందా?’ అని హిందీలో అడిగాడు. ఇంకా లేదన్నారు మీరు. హమ్మయ్య అన్నట్టు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సినిమా పేరు మీరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఛానెలూ సినిమా రెండూ 1999లోనే వచ్చాయి. అప్పటికి ఈ కుర్రాడు పుట్టి కూడా ఉండడు.

అమితాబ్ సినిమా అనే అందరూ అంటారు. కాదనను. కానీ తీసింది మన ఇ.వి.వి. సత్యనారాయణ. నిర్మాత సూపర్‌స్టార్ కృష్ణ తమ్ముడు ఆదిశేషగిరిరావు. తల్లి పాత్రలో జయసుధ. ఈ కథనే 1997లో తమిళంలో శరత్‌కుమార్, 1998లో తెలుగులో వెంకటేశ్ చేశారు. ఊరుకాని ఊళ్ళో, లాడ్జి టీవీలో, ఇంతమంది మనవాళ్ళు.

ఇప్పుడు సౌందర్య వచ్చింది.

కుర్రాడికి ఆమె రాధ. ఠాకూర్ గారి చదువురాని కొడుకు హీరా మనసు తెలుసుకుని పెళ్ళాడి, తర్వాత కలెక్టరైన రాధ. మీకు మాత్రం సౌందర్య. గొంతు ఆమెది కాదు, రేఖ చెప్పింది. అయినా ఆ కళ్ళకి డబ్బింగ్ అక్కర్లేదు. మొగుడికేసి చూసి తల వంచుకునే ఆ ఒక్క చూపు కోసం ముప్పావుగంట ప్రకటనలైనా భరించవచ్చు. నేను భరించాను, ఎన్నోసార్లు.

2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో విమానం ఎక్కింది. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ రావాలి. పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. ఆ సాయంత్రం వార్త విన్నవాళ్ళకి ఈ సినిమా అప్పటినుంచి వేరే సినిమా అయిపోయింది. తెర మీద ఆమె నవ్వుతుంటే ఛానెల్ మార్చడానికి చెయ్యి రాదు. మధ్యలో లేచిపోతే ఇంటికొచ్చిన ఆడపడుచుని పలకరించకుండా వెళ్ళినట్టు ఉంటుంది.

కింద నుంచి లాడ్జి ఆయన కేకేశాడు. కుర్రాడు కదల్లేదు. నాలుగుంపావు. మీరు చెప్పులు వేసుకున్నారు, కూర్చునే ఉన్నారు. తెర మీద మనవడు తాతగారి కోసం పాయసం గిన్నె తెస్తున్నాడు. అందులో విషం ఉందని వాడికి తెలియదు. మీకు తెలుసు, కుర్రాడికి తెలుసు. అయినా ఇద్దరూ ముందుకి వంగారు.

‘తినకండి’ అన్నాడు కుర్రాడు, మెల్లగా, తెరకేసి చూస్తూ.