ప్రగతి పత్రంలో మన పిల్లలు

మా పెద్దలకు రెండు కాగితాలంటే భయం. ఒకటి పోలీసు ఠాణాలో ఉండేది, ఇంకొకటి బడిలో ఉండేది. రెండింటిలోనూ మా పేర్లు ఎవరో రాసేవాళ్లు, మాకు చదవడం వచ్చేది కాదు. రెండింటి కిందా మేము వేలిముద్రే వేసేవాళ్లం. ఠాణా కాగితం పోయింది. బడి కాగితం మాత్రం పేర్లు మార్చుకుంటూ నేటికీ మా ఇళ్లకు వస్తూనే ఉంది. కర్నూలు, కడప సీమలోని సుగాలీలం, యెరుకలం, చెంచులం ఆ కాగితం కథను ఒకసారి మొదటినుంచీ చెప్పుకోవాలి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. అప్పుడు మా ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. జిల్లా మొత్తానికి 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు, చదివేవాళ్లు 6,641 మంది. ఆ బడుల్లో పొద్దున జరిగే తంతును కూడా ఆయన వర్ణించాడు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా పెడతారు, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. మా సీమ బడిలో పిల్లలకు వేసిన వరుసల్లో మనకు కాగితం మీద దొరికే పాతది ఇదే. అది చదువును కొలవలేదు, ఎవరు ముందు వచ్చారో కొలిచింది. ఆ నివేదికలో పిల్లలను కులాల వారీగా లెక్కపెట్టారు. తండాకు, గూడేనికి అందులో విడిగా గడి లేదు. సరస్వతి పేరు సరే, బెత్తం దెబ్బల వరుసలో కూడా మేము కనబడం.

తర్వాత వచ్చింది స్టాండర్డు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి ఒక పద్ధతి పెట్టాడు. చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో ఆరు మెట్లు నిర్ణయించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు, ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే ఆ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇప్పటికీ మా ఊళ్లలో ముసలివాళ్లు ‘నేను అయిదో స్టాండర్డు దాకా చదివినా’ అంటారు. స్టాండర్డంటే ప్రమాణం అని అర్థం. అది మన నోట్లో తరగతి పేరయి నిలిచిపోయింది. డబ్బు పాసయినవాళ్ల లెక్కను బట్టి వస్తున్నప్పుడు, ఏ అయివారయినా పాసయ్యే పిల్లలనే వెతుక్కుంటాడు. మేకల వెంట తిరిగే పిల్లవాడు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్ల ఆ లెక్కలో నష్టమే.

బడి మమ్మల్ని వెతకని ఆ కాలంలోనే ఠాణా మమ్మల్ని వెతికింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్త రూపంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. యెరుకలతో పాటు ఎన్నో సంచార కులాల పేర్లు రిజిస్టరుకెక్కాయి. వేలిముద్రలు తీశారు, హాజరు పిలిచారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో సెటిల్‌మెంటు పెట్టారు. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. బడి అనే మాట మాలో కొందరి ఇళ్లకు మొదట అలా వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం రద్దయింది. మనిషి చేసినదాన్ని చూడకుండా పుట్టుకను చూసి రాసే రాత ఎంత చేటు చేస్తుందో మాకు అప్పుడే తెలుసు. అందుకే పిల్లల మీద ఏ కాగితం రాసినా మేము రెండుసార్లు చూస్తాం.

స్వతంత్రం వచ్చాక ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. మడతపెట్టిన అట్ట, లోపల మార్కులు, ర్యాంకు, హాజరు, అడుగున తండ్రి సంతకం. నలభై మందిలో ముప్పై ఎనిమిదో ర్యాంకు అంటే పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో ఆ అట్ట చెప్పేది కాదు. వెనక ఇద్దరున్నారని మాత్రం చెప్పేది. ఏడో తరగతి చివర ఉమ్మడి పరీక్ష ఉండేది. కరువు ఏడాది మా వాళ్లు సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోతే పిల్లలూ వెంట పోయేవాళ్లు. మిరప కోతలు ముగిసేసరికి పరీక్షల కాలం. తిరిగి వచ్చిన పిల్ల కార్డులో ‘ఫెయిల్’ ఉండేది. వానలు పడలేదన్న సంగతి కార్డులో ఎక్కడా ఉండేది కాదు.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపకూడదని, నిరంతరం సమగ్రంగా మూల్యాంకనం చేయాలని చెప్పింది. మన రాష్ట్రం 2011లో విద్యా ప్రణాళికా పరిధి పత్రం రాసుకుంది. కొత్త పాఠ్యపుస్తకాల్లో విద్యా ప్రమాణాలు పెట్టారు. తెలుగులో వినడం, ఆలోచించి మాట్లాడడం, ధారాళంగా చదవడం, అర్థం చేసుకోవడం, స్వీయరచన, పదజాలం, సృజనాత్మకత, ప్రశంస. లెక్కల్లో సమస్యాసాధన, కారణాలు చెప్పడం వంటివి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో లఘుపరీక్ష ఒక్కటే కాదు, పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టులు కూడా లెక్కకొచ్చాయి. ర్యాంకు పోయి ఎ ప్లస్ నుంచి సి దాకా గ్రేడ్లు వచ్చాయి.

దీని మేలును మేము కాదనం. ఏడులో తప్పి ఇంట్లో కూర్చునే ఆడపిల్లలు ఎనిమిది దాకా బడిలో ఉన్నారు. లెక్కలు వచ్చిన పిల్లకు రాతలో వెనకబాటు ఉంటే ఆ సంగతి విడిగా తెలిసే వీలు కలిగింది. పరిసరాల విజ్ఞానంలో ప్రశ్నించడం, క్షేత్ర పరిశీలన కూడా ప్రమాణాలే. నల్లమలలో ఏ చెట్టుకు ఏ కాలంలో తేనెపట్టు పడుతుందో తెలిసిన చెంచు పిల్లవాడికి అక్కడ ఎ ప్లస్ రావాలి. అడిగే అయివారుంటే వస్తుంది.

చిక్కంతా ఆ అడగడం దగ్గరే ఉంది. తండాలో సుగాలీ పిల్ల పొద్దస్తమానం మాట్లాడుతుంది. యాడిని నవ్విస్తుంది, పాట కడుతుంది, చెల్లెలికి కథ చెబుతుంది, అంతా గోర్‌బోలిలో. బడికి వచ్చి నోరు మూసుకుంటుంది. ‘వినడం, ఆలోచించి మాట్లాడడం’ గడిలో సి పడుతుంది. ఆ సి ఆలోచనకు పడిందా, మాటకు పడిందా, తెలుగుకు పడిందా? కాగితం చెప్పదు. 2004లో రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియాతో పాటు బంజారా కూడా అందులో ఉంది. యెరుకల లేదు. మా పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషను ప్రగతి పత్రంలో ఏ గడీ ఇంతవరకు అడగలేదు.

రెండో చిక్కు మా కళ్లారా చూసింది. మాలో ఒకరి ఇంటికి వచ్చిన కార్డులో అన్ని గడుల్లోనూ బి ప్లస్ ఉంది. పిల్లవాడు ఆ కార్డు మీద తన పేరు తప్ప ఇంకేమీ చదవలేకపోయాడు. ఒక్క అయివారు అయిదు తరగతులు చెబుతూ ఇన్ని గడులు నింపాలంటే ఊహతోనే నింపుతాడు. ఆపకూడదన్న మాటను నేర్పకపోయినా ఫరవాలేదన్న మాటగా మార్చేశారు. ఆ నెపంతోనే 2019లో చట్టాన్ని సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. నేర్పనిది ఒకరు, ఆగిపోయేది మా పిల్లలు. ఇది న్యాయం కాదు.

వేరే దారి మన సీమలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి పల్లెబడుల కోసం నిచ్చెన పద్ధతిని తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా, బొమ్మల కార్డులుగా విడగొట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది. కొన్నాళ్లు బడికి రాకపోతే ఫెయిల్ కాదు, ఆగిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కుతుంది. సుగ్గికి పోయి వచ్చే మా పిల్లలకు ఇంతకన్నా తగిన కొలత మాకు కనబడలేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. కడపలో ఉపముఖ్యమంత్రే వచ్చి కూర్చున్నారు. 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన సమగ్ర ప్రగతి పత్రాల మాట అందరూ విన్నారు. మంచిదే. మేము అడిగేవి మూడే. గ్రేడు పక్కన పిల్లకు ఏం వచ్చో ఒక్క వాక్యం తెలుగులో రాయండి. ఇంటి భాషలో ఏం చేయగలదో ఒక గడి పెట్టండి. పిల్ల వలస పోతే ఆ కాగితం కూడా వెంట పోయేలా, గుంటూరు బడి అయివారు దాన్ని చూసి మొదలుపెట్టేలా చేయండి.

మా తాతలు చదవలేని కాగితాల కింద వేలిముద్ర వేశారు. మేము సంతకం పెడుతున్నాం. సంతకం పెట్టేముందు మా పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పత్రాన్ని గట్టిగా చదివి వినిపించమంటున్నాం. చదివితే గ్రేడు నిజం. చదవలేకపోతే మరునాడే ఆ పత్రం పట్టుకుని బడికి పోతాం.