బిషప్ అజరయ్యగారిని అడిగిన ప్రశ్న

రేడియోలో ఈ ప్రసంగం విన్నవారికీ, ఇప్పుడు పత్రికలో చదువుతున్నవారికీ ముందుగా ఒక మాట. ఈసారి వాక్యధ్యానం తక్కువ, సంఘచరిత్ర ఎక్కువ. అయినా మీ బైబిలు దగ్గరే ఉంచుకోండి. మధ్యమధ్యలో అవసరపడుతుంది.

భీమవరానికి ఆనుకొని ఉన్న పాలకోడేరు మండలంలో గరగపర్రు అనే ఊరు ఉంది. 2017 ఏప్రిల్‌లో అక్కడి దళితులు ఊరి నడుమ, ఇతర నాయకుల విగ్రహాలు ఉన్నచోట, డాక్టర్ అంబేద్కరుగారి విగ్రహం నిలబెట్టారు. మరునాటికి విగ్రహం అక్కడ లేదు. తరువాత జరిగింది మీలో చాలామందికి తెలుసు. కూలిపనికి పిలుపు ఆగిపోయింది. ఊరికీ వాడకూ మధ్య మాట పడిపోయింది. జూన్ నెలాఖరుకు ఆ వెలి సంగతి రాష్ట్రమంతా తెలిసింది. మంత్రులు వచ్చారు, ప్రతిపక్ష నాయకుడు వచ్చారు, అధికారులు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడారు, అట్రాసిటీ చట్టం కింద కేసులు నమోదయ్యాయి.

ఇలాంటి సంగతులు వచ్చినప్పుడు మన విశ్వాసులలో కొందరు, "విగ్రహం గొడవ మనకెందుకండీ, మనం విగ్రహాలకు మొక్కేవాళ్లం కాదు గదా" అంటారు. వినడానికి భక్తిగానే ఉంటుంది. కాని ఆ విగ్రహానికి మొక్కమని అక్కడ ఎవరూ అడగలేదు. ఊరి నడుమ ఎవరికి చోటు ఉంది, ఎవరికి లేదు అన్నదే అక్కడి తగవు. ఆ ప్రశ్న క్రైస్తవునికి సంబంధం లేనిది ఎలా అవుతుంది? పైగా, ఎవరి విగ్రహం గురించి ఆ తగవు వచ్చిందో ఆ మనిషే ఒకప్పుడు మన తెలుగు సంఘాన్ని సూటిగా ఒక ప్రశ్న అడిగారు. దానికి మనం జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

1935 అక్టోబరు 13న నాసిక్ దగ్గర యేవలాలో అంబేద్కరుగారు తాను హిందువుగా మరణించబోనని ప్రకటించారు. దేశమంతా కదిలిపోయింది. ఆయన ఏ మతంలోకి వెళతారు, ఆయన వెనుక ఎన్ని లక్షలమంది వెళతారు అని అన్ని మతాల పెద్దలూ ఎదురుచూశారు. మన పక్షాన ఆయనతో మాట్లాడినవారిలో దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఒకరు.

అజరయ్యగారి పేరు వినని తెలుగు క్రైస్తవులు తక్కువ. కాని ఆయన తెలుగువారు కాదని కొందరికి తెలియకపోవచ్చు. తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో 1874లో పుట్టిన తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషను పెట్టుకొని నైజాం ఇలాకాలోని దోర్నకల్‌కు సువార్త పంపించారు. ఆ పనికి వచ్చి తెలుగు నేర్చుకొని మనవాడైపోయినవారు ఆయన. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. అది కొందరు తెల్లదొరలకు మింగుడుపడలేదు.

అంతకు రెండేళ్ల ముందు, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన లేచి ఒక కష్టమైన మాట చెప్పారు. మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అందుకు కృతజ్ఞులము, కాని మాతో స్నేహం చేయలేదు, ఆ స్నేహం ఇవ్వండి అన్నది దాని సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. ఈనాటికి ఆ మహాసభలో చేసిన ప్రసంగాలన్నిటిలో లోకం గుర్తుపెట్టుకున్నది ఎక్కువగా అదే.

అటువంటి అజరయ్యగారిని అంబేద్కరుగారు అడిగిన ప్రశ్నను ఆయన జీవితచరిత్రలో చూస్తాము. మావాళ్లు క్రైస్తవులైతే, ఏ ఊళ్లో ఉన్నా, ఏ జిల్లాకు వెళ్లినా, అందరూ ఒకే సంఘంగా ఉండగలరా? మీలో కులభేదం పూర్తిగా పోయిందని చెప్పగలరా? అజరయ్యగారు అవునని చెప్పలేకపోయారు. తన జీవితంలో అంతగా సిగ్గుపడిన సందర్భం మరొకటి లేదని ఆయన తరువాత చెప్పుకున్నారు.

చూశారా? ఎడింబరోలో తెల్లవారి ఎదుట నిలబడి "మీరు మమ్మును సమానులుగా చూడండి" అని అడిగిన మనిషిని, పాతికేళ్ల తరువాత మరొకరు అదే ప్రశ్న అడిగారు. ఈసారి జవాబు చెప్పవలసినవారు మనము.

ఆయన ఎందుకు అవునని చెప్పలేకపోయారో తెలియాలంటే మన ప్రాంతపు మిషను పటం చూడాలి. నరసాపురం, పాలకొల్లు వైపు విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను. వీరు 1836లో ఇంగ్లండు నుండి బయలుదేరినవారు. రాజమండ్రి నుండి భీమవరం దాకా లూథరనులు. ఆకివీడు వైపు కెనడియన్ బాప్తిస్టులు. మచిలీపట్నం, బెజవాడ వైపు ఆంగ్లికన్ మిషను. ఒకరి పొలంలో ఒకరు విత్తకూడదని మిషనులు సరిహద్దులు మాట్లాడుకున్నాయి. తగవులు రాకుండా అది మంచి ఏర్పాటే. కాని దాని ఫలితం ఏమిటి? మీ తాతగారు కాలువకు ఏ గట్టున పుట్టారో దానినిబట్టి మీరు లూథరనో బాప్తిస్టో అయ్యారు. బాప్తిస్మము గురించి ఆయన లోతుగా ఆలోచించి తేల్చుకున్నది కాదు.

దాని కింద మరొక పటం ఉంది. అది అచ్చువేసినది కాదు. కృష్ణా జిల్లా రాఘవాపురంలో 1859లో డార్లింగు దొరగారి దగ్గర బాప్తిస్మము పొందిన పగోలు వెంకయ్యగారు మాలకుటుంబీకులు. ఆయన సాక్ష్యంతో సువార్త ఆయన బంధువర్గంలో పల్లె నుండి పల్లెకు పాకింది. ఒంగోలు వైపు 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగలు. ఆయన ద్వారా అక్కడి బాప్తిస్టు సంఘం మాదిగవాడల్లో విస్తరించింది. కరువుకాలం తరువాత 1878 జూలై 3న ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీరు వినే ఉంటారు. సువార్త బంధుత్వపు దారిన నడిచింది. అందులో తప్పు లేదు. అంద్రెయ తన సహోదరుడైన సీమోనునే మొదట పిలిచాడు. కాని బంధుత్వం ఆగిన చోట సంఘం కూడా ఆగిపోయింది.

ఒంగోలులో క్లౌ దొరగారికి ఒక శోధన వచ్చింది. మాదిగలను చేర్చుకోవడం మానితే మేము వస్తామని పై కులాలవారు కబురుపెట్టారు. ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1వ అధ్యాయం చివరి భాగమే కనబడిందని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆ భాగం తీసి చదవండి. ఆయన మాదిగలను వదలలేదు. అప్పుడు వదిలి ఉంటే ఒంగోలు సంఘం చరిత్ర వేరుగా ఉండేది.

అజరయ్యగారు చేతులు ముడుచుకొని కూర్చోలేదని కూడా చెప్పాలి. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పై మందికి పైగా సంఘసేవకులు, దాదాపు అందరూ భారతీయులే, ఆయన అధ్యక్షతన సమావేశమై సంఘాల ఐక్యత కోసం ప్రకటన చేశారు. విడిపోయిన తగవులు మనవి కావు, పడమటి దేశాలవి, వాటిని మనమెందుకు మోయాలి అన్నది వారి బాధ. అక్కడి నుండి చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. బిషప్పు ఉండాలా వద్దా, పాత అభిషేకాలు చెల్లుతాయా లేదా అన్న మాటల దగ్గర ఎన్నో ఏళ్లు గడిచాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్యగారు చూడలేదు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. లూథరనులు, బాప్తిస్టులు ఆ ఐక్యతలో చేరలేదు.

1947 గొప్ప సంగతే. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘం కలవడం లోకంలో అరుదు. కాని నా అభిప్రాయం దాచుకోను. అది అంబేద్కరుగారి మొదటి ప్రశ్నకు సగం జవాబు మాత్రమే. రెండవ ప్రశ్న అలాగే ఉండిపోయింది. మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్ల దగ్గరకు రావాలని అజరయ్యగారు తన అధ్యక్ష మండలంలో పట్టుబట్టారు. ఈనాడు చాలా ఊళ్లలో రెండు వాడలకు రెండు గుళ్లు ఉన్నాయి. గిన్నె ఒకటే అంటాము, పెళ్లిచూపులు మాత్రం వాడ దాటవు.

1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు ఈ సంగతి బయటపడింది. 1997లో వర్గీకరణ వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని చెప్పింది, 2025లో తెలుగు రాష్ట్రాలు రెండూ అమలులోకి తెచ్చాయి. ఈ ముప్పై ఏళ్లూ ఒకే బల్లలో రొట్టె తీసుకున్నవారు వీధిలో రెండు జెండాల కింద నడిచారు. (క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసిన 1950 ఉత్తర్వు సంగతి మరొక ప్రసంగానికి ఉంచుదాము. అది ఇందులో కలిపితే తెమలదు.) వర్గీకరణ మంచిదా చెడ్డదా అని నేను ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నేను అడిగేది ఇది: మన సంఘాలలో ఎన్నిటిలో ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకరి బాధ ఒకరు వినేలా చేశాము? "గుళ్లో రాజకీయాలు వద్దు" అని నోరు మూయించడమే ఎక్కువగా జరిగింది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీయండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో వాటా అందడం లేదని సణుగు పుట్టింది. అంటే వడ్డనలో పక్షపాతం, తొలి సంఘంలోనే. అపొస్తలులు "ప్రార్థన చేసుకోండి, సర్దుకుపోండి" అనలేదు. ఏడుగురిని ఏర్పరచమన్నారు. వారి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి పక్షాన ఫిర్యాదు వచ్చిందో గరిటె వారి చేతికే ఇచ్చారు. మన సెషను సభ్యుల జాబితా, ఆస్తుల కమిటీ జాబితా ఒకసారి ఇలాగే చదివి చూడండి.

ఇక ఊరి సంగతి. మన డెల్టాలో తగవు వస్తే పెద్దమనుషులు "రాజీ" చేస్తారు. కేసు వెనక్కి తీసుకోండి, పనికి పిలుస్తాము అంటారు. ఆకలిగా ఉన్నవాడు సంతకం పెడతాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తే అది సమాధానం అయిపోయిందనుకుంటాము. మత్తయి 5:23-24 జాగ్రత్తగా చూడండి. అర్పణ బలిపీఠం దగ్గర విడిచి ముందు వెళ్లవలసింది ఎవరు? తన సహోదరునికి తనమీద విరోధం ఉందని జ్ఞాపకం వచ్చినవాడు. అంటే బాధ పెట్టినవాడు. మనం ఆ వచనాన్ని ఎప్పుడూ బాధపడినవాడికే బోధిస్తాము. జక్కయ్య యేసును ఇంట చేర్చుకొని ఊరుకోలేదు. నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. యిర్మీయా 6:14లో దేవుడు ఎవరిమీద కోపపడ్డాడో కూడా చూడండి. గాయం పైపైన మాన్పేవారిమీద.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో శిక్షలు వేశారు. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చనిపోయినవారి ఇళ్లలో మిగిలినవారి దగ్గరకు వెళ్లి "క్షమించండి" అని ప్రసంగించడానికి ఏ సేవకునికి నోరు వస్తుంది? క్షమాపణ ప్రభువు ఆజ్ఞే, కాదనను. కాని దక్షిణాఫ్రికాలో 1996లో డెస్మండ్ టూటూగారి అధ్యక్షతన సత్యము, సమాధానముల కమిషను విచారణలు మొదలుపెట్టినప్పుడు తల్లులను ముందు క్షమించమనలేదు. ముందు చెప్పనిచ్చారు. నేరం చేసినవాడు క్షమాభిక్ష కావాలంటే తాను చేసినదంతా బహిరంగంగా ఒప్పుకోవాలి. అక్కడా న్యాయం పూర్తిగా జరగలేదని అన్నవారున్నారు. కాని ఎవరి కొడుకును ఎక్కడ పాతిపెట్టారో కొందరు తల్లులకైనా తెలిసింది.

2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేద్కరుగారి పేరు పెట్టవద్దని బస్సులు తగలబెట్టారు, ఒక మంత్రి ఇంటికీ ఒక శాసనసభ్యుని ఇంటికీ నిప్పుపెట్టారు. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. పేరు నిలిచింది. కాని ఆ రోజు రాళ్లు పట్టుకున్న కుర్రవాళ్లతో, వారిని చూసి తలుపులు వేసుకున్న కుటుంబాలతో కూర్చొని మాట్లాడే పని ప్రభుత్వపు ఉత్తర్వు చేయలేదు.

యెరూషలేము దేవాలయంలో అన్యజనులు దాటకూడని గోడ ఒకటి ఉండేది. దాటితే మరణమేనని గ్రీకులో చెక్కిన రాయి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసీయుడైన త్రోఫిమును ఆ గోడ దాటించాడన్న అనుమానంతోనే పౌలును పట్టుకున్నారు (అపొ. కార్య. 21:28-29). ఆ పౌలే ఎఫెసీయులకు 2:14లో మధ్యగోడ పడిపోయిందని వ్రాశాడు. ఆయన వ్రాసేనాటికి ఆ రాతిగోడ ఇంకా అక్కడే నిలిచి ఉంది.

వచ్చే నెల మీ సంఘంలో ప్రభురాత్రి భోజనానికి ముందు సిద్ధపాటు కూటం ఉంటుంది గదా. ఆ సాయంకాలం పాటలు కొంచెం తగ్గించి, రెండు వాడల పెద్దలను, స్త్రీలను కూడా, ఒకే చాప మీద కూర్చోబెట్టండి. అంబేద్కరుగారి రెండు ప్రశ్నలూ చదివి వినిపించండి. పాస్టరుగారు జవాబు చెప్పవద్దు, ప్రార్థనతో తొందరగా ముగించవద్దు. మాదిగ కుటుంబం ముందు మాట్లాడనివ్వండి. మీ ఊళ్లో లెక్క వేరైతే ఎవరి మాట ఇంతవరకు వినబడలేదో వారిని ముందు మాట్లాడనివ్వండి. ఏం జరిగిందో మాకు ఉత్తరం రాయండి. పేర్లు లేకుండా, మీ అనుమతితో, ఈ పత్రికలో వేస్తాము.