గోళీ, మైదా, చంద్రబిలం: ఒక చిన్న ప్రయోగం, 300 ఏళ్ల వాదన

ఈ రోజు చదువు ఒక పళ్లెంతో మొదలుపెడదాం. ఢిల్లీ జనక్‌పురిలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల ఉంది. అక్కడి ఆరో తరగతి పిల్లలైనా చేయగలిగిన ప్రయోగం ఇది. లోతైన పళ్లెంలో మూడు వేళ్ల మందాన మైదా పోసి, పైన పల్చగా పసుపు చల్లండి. గోళీని మోకాలి ఎత్తు నుంచి ఒకసారి, తల ఎత్తు నుంచి ఒకసారి వదలండి. గుండ్రటి గుంట, చుట్టూ గట్టు, పసుపు మీదికి చిమ్మిన తెల్లటి పిండి కనిపిస్తాయి. ఎత్తు పెరిగితే గుంట కూడా పెరుగుతుంది.

ఇంత తేలికైన ప్రయోగం ఉన్నా, చంద్రుడి బిలాలు ఎలా ఏర్పడ్డాయో తేలడానికి దాదాపు 300 ఏళ్లు ఎందుకు పట్టింది?

1665: రాబర్ట్ హుక్ తడి బంకమట్టిలో తుపాకీ గుళ్లు వేశాడు. చంద్రబిలాల్లాంటి గుంటలే పడ్డాయి. అయితే ఆకాశం నుంచి పడేవి ఎక్కడివన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. మొదటి గ్రహశకలం సెరెస్ కనిపించింది 1801లోనే మరి. అందుకే ఆయన లోపలి నుంచి పొంగిన ఆవిరి వాదం వైపు మొగ్గాడు.

1893: అమెరికా భూగర్భ శాస్త్రవేత్త జి.కె. గిల్బర్ట్ చంద్రబిలాలు ఢీకొనడం వల్లే వచ్చాయన్నాడు. కానీ ఏటవాలుగా పడినవి కోలగా గుంటలు చేయాలి కదా, చంద్రుడి మీద దాదాపు అన్నీ గుండ్రంగానే ఎందుకున్నాయన్న చిక్కు మిగిలింది. అరిజోనా బిలాన్ని మాత్రం ఆయనే ఆవిరి పేలుడు ఖాతాలో వేశాడు.

1921: ఖండ చలన సిద్ధాంతంతో మీకు పరిచయమున్న ఆల్‌ఫ్రెడ్ వెజెనర్, సిమెంటు పొడితో ఇలాంటి ప్రయోగాలే చేసి ఢీకొనడాన్ని సమర్థించాడు. అంతగా పట్టించుకున్నవారు లేరు.

చిక్కు విప్పింది వేగం. తల ఎత్తు నుంచి పడిన గోళీ వేగం సెకనుకు సుమారు 6 మీటర్లు. భూమిని ఢీకొట్టే పెద్ద గ్రహశకలం వేగం కనీసం 11 కిలోమీటర్లు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కిలోకు లెక్కేస్తే తేడా 30 లక్షల రెట్లకు పైనే. అంటే అది గుచ్చుకోదు, పేలుతుంది. అందుకే ఏటవాలుగా పడినా బిలం సాధారణంగా గుండ్రంగానే ఉంటుంది.

చివరికి తీర్పు చెప్పింది రాయి. విపరీతమైన ఒత్తిడిలో తయారయ్యే కోయసైట్ అనే ఖనిజం 1960లో అరిజోనా బిలంలో దొరికింది. మన మహారాష్ట్రలోని లోనార్‌దీ ఇదే కథ. సుమారు 1.8 కి.మీ. వెడల్పున్న ఈ బిలం దక్కన్ బసాల్ట్ మీద ఉండటంతో, చాలాకాలం అగ్నిపర్వతానిదే అనుకున్నారు. ఆ దెబ్బకు రూపు మారిన ఖనిజాల ఆధారంతో 1973లో అది ఉల్కాబిలమని తేలింది.

కాబట్టి జవాబు రాసేటప్పుడు గుర్తుంచుకోండి: పళ్లెంలోని గుంట పోలికను చూపిస్తుంది, రుజువు మాత్రం రాతిలో ఉంటుంది. లోనార్ గురించి "గుండ్రంగా ఉంది" అని ఆపేయకండి, ఖనిజ సాక్ష్యం రాయండి.

సాధన ప్రశ్న: లోనార్ పుట్టుకపై శాస్త్రీయ అభిప్రాయం మారిన తీరును ఆధారాలతో చర్చించండి. (150 పదాలు)